ఫోర్క్ సీలు ఎప్పుడూ ‘టక్’మని మోగదు

తమ్ముడూ, నువ్వు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆరేళ్ల నాటి 150 సీసీ బండి, 52 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఉప్పల్ నుంచి నారపల్లి వైపు వెళ్లి రావడం. చిన్న గుంతలో పడ్డా ముందు నుంచి టక్ అంటుంది, ముందు బ్రేకు పట్టగానే కూడా ఒక్కసారి అంటుంది. ఒక మెకానిక్ ఫోర్కుల్లో, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపు ఆపే రెండు గొట్టాల్లో, రెండు సీళ్లూ, ఆయిలూ మార్చాడు. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఇంకొకతను మొత్తం ఫోర్క్ సెట్ మార్చాల్సిందే అన్నాడు. మార్చాలా వద్దా అని అడుగుతున్నావు.

ఇప్పుడే మార్చకు. ఇరవై ఏళ్లకు పైగా మల్కాజిగిరిలో రేకుల షెడ్డు కింద ఇదే పని చేశాను. శబ్దం వస్తోందని నా దగ్గరికి వచ్చిన బళ్లలో ఫోర్కు విప్పకుండానే పంపించినవి చాలా ఉన్నాయి. ఇనుప గొట్టాలు, ఛాసిస్, హ్యాండిల్ అన్నీ ఒకదానికొకటి బిగించి ఉంటాయి కాబట్టి ఎక్కడ మోగినా చేతులకి ఒకేలా తెలుస్తుంది. చెవిని నమ్మి పానా పట్టుకుంటే డబ్బులు పోతాయి, టక్ మాత్రం అలాగే ఉంటుంది.

ముందు నీ మొదటి మెకానిక్ సంగతి. సీలు అంటే రబ్బరు పెదవి. ఆయిల్ బయటికి రాకుండా, దుమ్ము లోపలికి పోకుండా చూడటమే దాని పని. అది కారుతుంది, మహా అయితే ఎండిపోయి కీచుమంటుంది. టక్ అనడం దాని వల్ల కాదు. కారడం ఒక జబ్బు, మోగడం ఇంకో జబ్బు. రెండూ ఒకే బండికి ఉండొచ్చు, కానీ ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. మరి నాలుగు రోజులు ఎందుకు తగ్గింది? నా అనుమానం, ఫోర్క్ ఆయిల్ బదులు 20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ పోసి ఉంటాడు. చిక్కటి ఆయిల్ పోస్తే ఫోర్కు బద్ధకంగా కదులుతుంది, లోపలి వదులు కొన్నాళ్లు వినపడదు. బండి మాత్రం చిన్న గుంతలకి కూడా మణికట్టు అదిరేలా కొడుతుంది. అలా కొడుతోందేమో గమనించు.

ఇక పరీక్షలు. మొదటిది హ్యాండిల్ కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగు. బండిని మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి వెనక సీటు మీద ఒకరిని కూర్చోబెట్టు, ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. నువ్వు చక్రానికి ఎదురుగా నేల మీద కూర్చుని, రెండు ఫోర్కులనూ యాక్సిల్‌కి కాస్త పైన పట్టుకుని నీ వైపు లాగు, మళ్లీ వెనక్కి నెట్టు. వదులు ఉంటే చేతికి టక్కుమని తెలుస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి “కోన్ సెట్ పోయింది” అనేస్తారు. అది తప్పు. ఫోర్కు లోపల అరిగినా ఇలాగే కదులుతుంది. అందుకే ఇంకో మనిషిని పిలిచి, ఛాసిస్ మెడ గొట్టానికీ దాని కింద ఉండే బ్రాకెట్‌కీ మధ్య సందు మీద చూపుడు వేలు ఆనించి పెట్టమను. సగం వేలు పైదాని మీద, సగం కిందిదాని మీద ఉండాలి. నువ్వు లాగినప్పుడు ఆ సందు కదిలితే ఆ వేలికి స్పష్టంగా తెలుస్తుంది, కోన్ సెట్ వదులన్నమాట. అక్కడ ఏమీ తెలియకపోతే వేలు కిందికి దించి, మెరిసే పైపు బాటమ్ కేస్‌లోకి, అంటే కింది లావు గొట్టంలోకి దూరే చోట, దుమ్ము ఆపే పై రబ్బరు అయిన డస్ట్ సీల్ పక్కన పెట్టమను. కదలిక అక్కడ ఉంటే అరుగుదల ఫోర్కులోనే. కంటికి దొరకని అర మిల్లీమీటరు కదలికని కూడా వేలు పట్టేస్తుంది. మీటర్లూ గీటర్లూ కొన్నా నేను ఇప్పటికీ ముందు నమ్మేది ఈ వేలినే.

చక్రం గాల్లో ఉండగానే హ్యాండిల్‌ని నెమ్మదిగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పు. సరిగ్గా మధ్యలో, బండి నేరుగా వెళ్లే చోట, గంటులో పడి ఆగినట్టు అనిపిస్తే లోపల గుండ్లు కూర్చునే గిన్నెల్లో గుంటలు పడ్డాయని అర్థం. హ్యాండిల్ ఎక్కువ సేపు నేరుగానే ఉంటుంది, గుంతల దెబ్బలన్నీ ఆ ఒక్క చోటే పడతాయి. అలాంటిదాన్ని ఎంత బిగించినా లాభం లేదు, పైదీ కిందిదీ కలిపి సెట్టు మార్చాల్సిందే. గంటు లేకుండా వదులు మాత్రమే ఉంటే బిగిస్తే చాలు. అయితే అతిగా బిగించొద్దు. చక్రం గాల్లో ఉన్నప్పుడు హ్యాండిల్‌ని మధ్య నుంచి చిన్నగా తోస్తే దానంతట అదే పక్కకి వాలిపోవాలి. వాలకుండా ఆగిందంటే ఎక్కువ బిగించినట్టు. అలాంటి బండి ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోతున్నప్పుడు తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతుంది.

బ్రేకు పట్టినప్పుడు ఒక్కసారి టక్ అంటుందన్నావు కదా, దానికి డిస్క్ ప్యాడ్లు కూడా కారణం కావచ్చు. ఎగుడు దిగుడు రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ ముందు బ్రేకుని వేలితో ఊరికే తాకినంత పట్టి చూడు. శబ్దం టక్కున ఆగిపోతే దోషం క్యాలిపర్‌లోనే, అంటే ప్యాడ్లని డిస్కుకి నొక్కే పెట్టెలోనే. ప్యాడ్లు మార్చినప్పుడు లోపలి పల్చటి స్ప్రింగు పట్టీని మళ్లీ వేయడం మరిచిపోతుంటారు. అది లేకపోతే ప్యాడ్లు పెట్టెలో గోళీల్లా కొట్టుకుంటాయి. ఆ పట్టీ పెట్టి, క్యాలిపర్ జారే పిన్నులకి బ్రేక్ గ్రీజు రాస్తే సరిపోతుంది.

చక్రం బేరింగు, యాక్సిల్ నట్టు, మడ్‌గార్డు బోల్టులు, హెడ్‌లైట్ బ్రాకెట్, హారన్ రేకు, ఇవన్నీ ఒకసారి చేత్తో ఊపి చూసుకో, పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఒకాయన రెండు షాపులు తిరిగి, ఫోర్కులు విప్పించి, కొత్త స్ప్రింగులు కూడా వేయించుకుని నా దగ్గరికి వచ్చాడు. బండి తీసుకుని గల్లీ చివరిదాకా వెళ్లాను, నిజమే, స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ టక్. తిరిగొచ్చి తాళం తీస్తుంటే చేతికి బరువుగా తగిలింది. ఇంటి తాళాలు, బీరువా తాళం, షట్టర్ తాళం, ఇత్తడి వెంకటేశ్వరస్వామి బిళ్ల, అన్నీ కలిపి ఒకే గుత్తి. అది మీటరు కింది ప్లాస్టిక్‌కి కొట్టుకుంటోంది. ఆయన దగ్గర డబ్బులు తీసుకోలేదు కానీ టీ మాత్రం తాగించుకున్నాను. నీ తాళం గుత్తి కూడా ఒకసారి చూసుకో, నవ్వకు.

ఇవన్నీ దాటి, వేలు డస్ట్ సీల్ దగ్గరే కదలిక చెప్పిందనుకుందాం. అప్పుడు శబ్దం ఎలాంటిదో విను. గుంతలో పడగానే కింద ‘ధన్’మంటే ఫోర్కు అడుగుకి తగులుతోంది, అంటే ఆయిల్ తక్కువైనా ఉండాలి, స్ప్రింగు కుంగిపోయైనా ఉండాలి. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగాక, ముందు భాగం పైకి లేచే క్షణంలో ‘టక్’ అంటే పైకి చాచుకున్నప్పుడు కొట్టుకుంటోంది. ఆయిల్ తగ్గినా, డ్యాంపర్ రాడ్ (ఆయిల్ పోయే రంధ్రాలున్న లోపలి రాడ్డు) మీది రింగు అరిగినా, అడుగున ఉండే చిన్న రీబౌండ్ స్ప్రింగు విరిగినా ఇలాగే ఉంటుంది. చిన్న చిన్న గతుకులకి టకటకా వరసగా వస్తే పైపుకీ బాటమ్ కేస్‌కీ మధ్య వదులు. నువ్వు చెప్పిన లక్షణాలు దీనికి దగ్గరగా ఉన్నాయి. ఫోర్కు నొక్కినప్పుడు సన్నగా సుయ్‌మనే శబ్దం మాత్రం రోగం కాదు, ఆయిల్ రంధ్రాల గుండా పోతున్న చప్పుడు.

ఆయిల్ తక్కువైతే శబ్దం ఎందుకంటే, ఈ మామూలు ఫోర్కుల్లో కుదుపుని ఆపేది రాడ్డుకి వేసిన రంధ్రాల గుండా పోయే ఆయిలే. స్ప్రింగు మోస్తుంది, ఆయిల్ అదుపు చేస్తుంది. మట్టం పడిపోతే రంధ్రాల్లోకి ఆయిల్‌తో పాటు గాలి కూడా పోయి నురగ పడుతుంది. నురగకి ఆపే బలం ఉండదు, లోహం లోహానికి తగులుతుంది. అలాగని ఎక్కువ పోసినా ప్రమాదమే. పైన మిగిలే గాలి కూడా ఒక స్ప్రింగు లాంటిదే. ఆ జాగా తగ్గితే ఫోర్కు లోపలికి పోయినప్పుడు గాలి ఒత్తిడి పెరిగిపోయి కొత్త సీలుని కూడా తోసేస్తుంది. “ఇంకో చుక్క పొయ్యండన్నా, గట్టిగా ఉంటుంది” అనేవాళ్లకి ఇదే చెప్పేవాణ్ని.

విప్పడానికి వస్తే, ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టు, సాయంత్రం నాలుగింటికి కాదు. ఏదో ఒక బోల్టు మొండికేస్తుంది, అప్పటికి షాపులు మూసేస్తారు. ఫోర్కులు బండికి ఉండగానే రెండు బోల్టులు సడలించుకోవాలి. పై బ్రాకెట్ పట్టు కొంచెం వదులు చేసి, పైపు మీది మూత నట్టుని పావు చుట్టు సడలించు. ఫోర్కు బయటికి తీశాక దాన్ని పట్టుకునే దిక్కుండదు. అలాగే బాటమ్ కేస్ అడుగున ఉన్న ఎలన్ బోల్టు. పైన స్ప్రింగు ఇంకా నొక్కుతూ ఉంటుంది కాబట్టి లోపలి రాడ్డు తిరగకుండా నిలబడుతుంది, బోల్టు కదులుతుంది. స్ప్రింగు తీసేశాక ఆ బోల్టు జోలికి వెళ్తే రాడ్డు కూడా దాంతోపాటే గిరగిరా తిరుగుతుంది. అప్పుడు ఇంపాక్ట్ గన్ కోసం పరిగెత్తాల్సిందే. కొన్ని బళ్లలో ఆ బోల్టుకి యాక్సిల్ అడ్డం వస్తుంది, అలాంటిచోట చక్రం తీశాకే పని. అది కదిలితే చాలు, పూర్తిగా తీయకు, ఆయిల్ కారుతుంది.

చక్రం తీసేముందు జాకీ మీద చెక్క పెట్టి ఇంజన్ కింద ఆనించు, సైలెన్సర్ పైపు మీద పెట్టకు. క్యాలిపర్‌ని దాని గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో ఛాసిస్‌కి కట్టు. ఆ తర్వాత పొరపాటున కూడా బ్రేక్ లివర్ నొక్కకు, పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. పై మూత తీసేటప్పుడు ముఖం పక్కకి పెట్టుకో. స్ప్రింగు దాన్ని బుల్లెట్ లాగా ఎగరేస్తుంది. గుడ్డ కప్పి, అరచేత్తో నొక్కి పట్టి, చివరి మరలు తిప్పాలి. స్ప్రింగులో చుట్లు దగ్గరగా ఉన్న వైపు ఏది, పైనా కిందా అన్నది ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకో. మళ్లీ అలాగే పెట్టాలి.

ఇప్పుడు ఆయిల్‌ని ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలోకి వంచు. పైపుని పైకీ కిందికీ ఆడిస్తే అడుగుదంతా వస్తుంది. మొదట ముక్కు మూసుకోవాల్సి వస్తుంది, పాత ఫోర్క్ ఆయిల్ కంపు కుళ్లిన చేపల కన్నా ఘోరం. ఆ డబ్బాని ఎండలోకి తీసుకెళ్లి చూడు. నల్లగా ఉంటే వయసు, అంతే. పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. వానాకాలం మన రోడ్ల మీద యాక్సిల్ మునిగేంత నీళ్లలో బండి నడిపితే, పగిలిన డస్ట్ సీల్ గుండా ఇలాగే దూరతాయి. డబ్బాని నెమ్మదిగా తిప్పినప్పుడు వెండి పొడి చల్లినట్టు మిలమిల మెరిసిందా, అది బాటమ్ కేస్ అల్యూమినియం. అరుగుదల ఆ ఆయిలే చెప్పేసింది. నీ బండికి ఆయిల్ ఈ మధ్యే మార్చారు కాబట్టి మెరుపు కొంచెం కనిపించినా ఎక్కువే అనుకో. ఆ ఆయిల్‌ని మోరీలో పారబోయకు, ఏ మెకానిక్ షాపులోనైనా పాత ఆయిల్ డ్రమ్ము ఉంటుంది, అందులో వెయ్యి.

సీలు పీకేటప్పుడు నేను చేసిన తప్పు నువ్వు చేయకు. షెడ్డు పెట్టిన కొత్తలో మొండి సీలు ఒకటి రాకపోతే పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి, గుడ్డ అడ్డం పెట్టకుండా ఎత్తాను. సీలు వచ్చింది. దానితోపాటే సీలు కూర్చునే గోడ మీద గోరంత గీత పడింది. కొత్త సీలు వేసి పంపిస్తే పది రోజులకే కారింది. ఇంకోటి వేశాను, అదీ కారింది. మూడోసారి ఆ అబ్బాయి వచ్చేసరికి ఆయిల్ జారి డిస్కు మీద పడి ఉంది. బ్రేకు పట్టలేదు, సిగ్నల్ దగ్గర ఆటో వెనక గుద్దబోయి తప్పించుకున్నాడు. బాటమ్ కేస్ నా డబ్బులతో కొనిచ్చాను. ముందు సర్‌క్లిప్ (సీలుని గాడిలో పట్టి ఉంచే తీగ రింగు) తీయడం మరిచిపోకు, అంచు మీద గుడ్డ మడత పెట్టు, ఒకే చోట కాకుండా చుట్టూ కొంచెం కొంచెంగా లేపు.

అన్నీ కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాక పైపుని చూడు. ఆడవాళ్ల పాత నైలాన్ సాక్సు ఒకటి తీసుకుని క్రోమ్ మీద పైనుంచి కిందికి జార్చు. ఎక్కడ దారం చిక్కుకుంటే అక్కడ తుప్పు గుంట ఉన్నట్టు. సీలు తిరిగే మేరలో గుంట ఉంటే కొత్త సీలు ఆ గుంటకే చిరిగిపోతుంది. సీలు ఎప్పుడూ చేరని పై భాగంలో ఉంటే దాని గురించి టెన్షన్ పడకు. తర్వాత పైపు వంగిందేమో చూడాలి. ఇంట్లో అయితే చదునైన గాజు పలక మీద దొర్లించి కింద వెలుతురు సందు పడుతోందేమో చూడు. లేత్ షాపులో డయల్ గేజీ పెడతారు, చాలా కంపెనీల మాన్యువల్స్ ఇచ్చే హద్దు 0.2 మి.మీ. వంకర పైపుని తిన్నగా కొట్టి ఇస్తాననేవాళ్లు ఉంటారు. రోజూ నడిపే బండికి నేనైతే వద్దంటాను. ఒకసారి వంగిన చోటు మళ్లీ వంగడానికి సిద్ధంగా ఉంటుంది.

అసలు సంగతి ఇక్కడుంది. లావు పైపుల ఫోర్కుల్లో పైపుకీ కేసుకీ మధ్య విడిగా బుష్‌లు, అంటే అరుగుదల తాము తీసుకునే పల్చటి రింగులు ఉంటాయి, మీద టెఫ్లాన్ పూత. ఆ పూత పోయి ముప్పావు వంతు మేర రాగి రంగు తేలితే మార్చాలి, మారిస్తే టకటక పోతుంది. కానీ చిన్న బళ్లలో చాలావాటికి విడి బుష్ ఉండదు, పైపు నేరుగా అల్యూమినియం కేసులోనే జారుతుంది. కేసు అరిగితే కేసే మార్చాలి. నీది ఏ రకమో పార్టుల బొమ్మలో చూస్తే తెలిసిపోతుంది. పైపు బాగుండి కేసు మాత్రమే అరిగితే మొత్తం సెట్టు ఎందుకు? ఆ రెండో మెకానిక్ సెట్టు అన్నాడంటే ఆయనకి విప్పి చూసే ఓపిక లేదని నేను అనుకుంటాను. అరిగిన కేసుని లేత్ మీద బోరు చేసి గన్‌మెటల్ బుష్ దించేవాళ్లు బాలానగర్ వైపు ఉన్నారు. పని తెలిసినవాడు చేస్తే బాగానే ఉంటుంది, కానీ దొరకని పాత మోడల్ బండికి మాత్రమే ఆ దారి పట్టు. నీ బండికి కేసులు మార్కెట్లో దొరుకుతాయి. కోఠి దగ్గర పుత్లీబౌలిలో అడుగు. సీళ్లు, బేరింగుల లాంటివాటికి రాణిగంజ్ కూడా మంచిదే. పాత సీలుని జేబులో వేసుకుని వెళ్లు, నోటితో చెప్పే సైజు నమ్మకు. సీళ్ల ఖర్చు వందల్లో, సెట్టు ఖర్చు వేలల్లో.

తిరిగి బిగించేటప్పుడు కొత్త రాగి వాషర్ వేసి అడుగు ఎలన్ బోల్టు బిగించు. చాలా చిన్న బళ్లకి 20 న్యూటన్ మీటర్ల దగ్గర సరిపోతుంది, నీ మాన్యువల్‌లో ఏముందో అదే ఖాయం. పైపు చివర పదునుగా ఉంటుంది కాబట్టి దాని మీద పాల ప్యాకెట్ కవరు తొడిగి, దాని మీద ఫోర్క్ ఆయిల్ రాసి, సీలుని దాని మీదుగా జార్చు. సన్నటి స్ప్రింగు కనిపించే వైపు కిందికి, ఆయిల్ వైపు. అంకెలున్న ముఖం పైకి. దింపడానికి సరిపడే పీవీసీ పైపు ముక్క, మీద పాత సీలు పెట్టి సుత్తితో చిన్నగా కొట్టు. సర్‌క్లిప్ గాడి పూర్తిగా కనిపించేదాకా దిగాలి. గాడి ఒకవైపే కనిపిస్తే సీలు వంకరగా కూర్చున్నట్టు.

ఆయిల్ మాన్యువల్ చెప్పిన గ్రేడే, చాలావాటికి 10డబ్ల్యూ. ఒక కంపెనీ 10డబ్ల్యూ ఇంకో కంపెనీ 10డబ్ల్యూ లాగే ఉంటుందన్న హామీ లేదు, కాబట్టి ఫోర్కు రెండు కాళ్లకీ ఒకే సీసాలోది పొయ్యి. పోశాక పైపుని నెమ్మదిగా ఎనిమిది, పది సార్లు ఆడించి, పది నిమిషాలు నిలబెట్టి ఉంచు, బుడగలన్నీ పైకి వస్తాయి. కొలత మిల్లీలీటర్లలో ఇస్తారు, లేదా పైనుంచి మట్టం మిల్లీమీటర్లలో ఇస్తారు. మట్టం ఇచ్చి ఉంటే దాన్నే పాటించు. విప్పాక లోపల ఎంత ఆయిల్ అంటుకుని మిగిలిందో తెలియదు కాబట్టి మిల్లీలీటర్లు మోసం చేస్తాయి. స్ప్రింగు బయట, పైపు పూర్తిగా లోపలికి, అప్పుడే కొలవాలి. మెడికల్ షాపులో 50 మి.లీ. సిరంజి, సెలైన్ గొట్టం ముక్క కొను. గొట్టానికి ఆ మట్టం దగ్గర టేపు చుట్టి, అంతవరకే దించి, ఎక్కువైనది లాగేస్తే రెండు కాళ్లూ మిల్లీమీటరు తేడా లేకుండా వస్తాయి. 

బండికి ఎక్కించేటప్పుడు రెండు పైపుల తలలూ పై బ్రాకెట్ దగ్గర ఒకే ఎత్తులో ఉండాలి. యాక్సిల్ నట్టు బిగించాక, పక్కన యాక్సిల్‌ని పట్టి ఉంచే చిన్న పిడి బోల్టుని మాత్రం వదులుగా ఉంచి, బండిని నేల మీద నిలబెట్టి, ముందు బ్రేకు పట్టి నాలుగైదు సార్లు గట్టిగా నొక్కు. కాళ్లు రెండూ తమంతట తాము సరైన దూరానికి సర్దుకుంటాయి. ఆ తర్వాతే పిడి బోల్టు బిగించు. ఈ ఒక్క పని వదిలేసి కొత్త ఫోర్కులు కూడా పట్టేసినట్టు కదులుతుంటే అందరూ స్ప్రింగుని తిడతారు. డిస్కుని, ప్యాడ్లని బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, లివర్ గట్టిపడేదాకా పంపు చేశాకే బండి కదిలించు.

తర్వాత ఒక కాలికి పైపు మీద డస్ట్ సీల్‌ని ఆనుకుని సన్నటి ప్లాస్టిక్ ట్యాగు కట్టి, నీ నారపల్లి రోడ్డు మీద ఒకసారి పోయి రా. ట్యాగు ఎంత పైకి జరిగిందో చూస్తే ఫోర్కు ఎంత లోపలికి పోయిందో తెలుస్తుంది. చిట్టచివరిదాకా తోసుకుపోయి ఉంటే ఆయిల్ మట్టమో స్ప్రింగో మళ్లీ చూడాలి. వారం తర్వాత పైపు మీద తెల్ల గుడ్డ తిప్పు, సన్నటి ఆయిల్ పొర మామూలే, ఉంగరంలా గీత పడితే సీలు అంచు కింద మట్టి చేరింది. అప్పుడు మళ్లీ విప్పకు. పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ని చిన్న కొక్కెంలా కత్తిరించి డస్ట్ సీల్ దింపి సీలు అంచు కింద చుట్టూ తిప్పితే మట్టి బయటికి వచ్చేస్తుంది, చాలాసార్లు కారడం అక్కడితో ఆగిపోతుంది.

ముందు ఆ వేలి పరీక్ష చేసి, కదలిక ఏ సందు దగ్గర తెలిసిందో రాయి. మెడ దగ్గరైతే ఫోర్కు విప్పే పనే లేదు.